వెనకబడ్డ గొంతు

మా బాబాయికి యంత్రాల మీద ఉన్న నమ్మకం మనుషుల మీద లేదు. ఊరంతటికీ టీవీ ఛానళ్లు పంపే కంట్రోల్ రూమ్‌లో ఇరవై రెండేళ్లుగా పొద్దుటి డ్యూటీ. వెళ్లగానే సిగ్నల్ పంపే పెట్టెలన్నీ ఆపి, మళ్లీ ఆన్ చేసి, బొమ్మా మాటా కలిశాయో లేదో చూసి, పుస్తకంలో "సరి" అని రాస్తాడు. ఆ అలవాటంటే ఆయనకు కాస్త గర్వం కూడా.

మా అత్తకు, అంటే ఆయన అక్కకు, చెవులు అంతంతమాత్రం. సగం వింటుంది, సగం పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది. ఆసుపత్రి కౌంటర్‌లో రోగుల పేర్లు రాసే ఉద్యోగం అలాగే నెట్టుకొస్తోంది. ఒకరోజు మెల్లగా అంది.

"ఒరేయ్, సాయంత్రం వార్తల్లో పెదాలు ముందు కదులుతున్నాయి, మాట తర్వాత వస్తోంది."

మాకెవరికీ అలా అనిపించలేదు. మేం వార్తలు వింటామే తప్ప చూడం. బాబాయి మర్నాడు పొద్దున్నే చూసి, "అంతా సరిగ్గానే ఉందక్కా" అన్నాడు. నెల రోజుల్లో ఆ మాట నాలుగుసార్లు అన్నాడు. తమ్ముడి మాట ఆమెకు వేదవాక్కు. తన బుర్రే మందగించిందనుకుంది. "ఎవరి పేరైనా తప్పు రాస్తే ఒకరి మందు ఇంకొకరికి పోతుందిరా" అని భయపడి, డాక్టర్ దగ్గర మాత్రలు రాయించుకుంది. తగ్గకపోతే ఉద్యోగం మానేస్తానంది.

మొన్న బుధవారం బాబాయి ఎవరి బదులో సాయంత్రం డ్యూటీ చేశాడు. వార్తలు చదివే అమ్మాయి నోరు మూసేసింది, మాట ఇంకా వస్తోంది. ఆయనకు మతిపోయింది. బొమ్మా మాటా చిన్న చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా, వెళ్తాయట; బొమ్మ ప్యాకెట్లకూ మాట ప్యాకెట్లకూ విడివిడిగా టైము ముద్ర పడుతుంది. ఆ ముద్రలు చూసే మన టీవీ రెంటినీ కలుపుతుంది. ఒకే గడియారం చూసి ముద్ర వేయాల్సిన రెండు పెట్టెలూ దేని గడియారం అది చూసుకుంటున్నాయి. అందులో ఒకటి నత్తనడక. పొద్దున ఆపి ఆన్ చేయగానే కలుస్తాయి, సాయంత్రానికి పావు సెకను తేడా వస్తుంది. ఈయన చూసేదేమో ఎప్పుడూ పొద్దున్నే. వినగానే నాకు ఒళ్లు మండింది.

గడియారం సరిచేసి, మర్నాడు సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని అత్త ఇంటికి పరిగెత్తాడు. అత్త వార్తలు చూస్తోంది. ముఖం వెలిగిపోతోంది.

"మాత్రలు పనిచేస్తున్నాయిరా. ఇవాళ పెదాలూ మాటా కలిశాయి."

"మాత్రలు కాదక్కా, తప్పు మాదే. నిన్న నేనే సరిచేశాను."

"నేను బాధపడకూడదని అంటున్నావులే. నాలుగుసార్లు చూసింది నువ్వే కదరా."

అప్పటినుంచీ బాబాయి నన్ను ఒకటే అడుగుతున్నాడు. ఒక్క సాయంత్రం ఆ గడియారాన్ని మళ్లీ చెడగొట్టి చూపిస్తే నమ్ముతుందా, లేక జబ్బు తిరగబెట్టిందని ఉద్యోగం మానేస్తుందా అని. నాకూ పాలుపోవడం లేదు. అత్త మాత్రం మాత్రలు అయిపోవచ్చాయని, ఇంకో సీసా తెచ్చిపెట్టమని ఆయనకే చెప్పింది.