నూనె తాగిన బుష్షు

దుబాయ్‌లో తొమ్మిదేళ్లు నేను చేసిన పని ఒక్కటే, ఇనుప సామాన్ల జిడ్డు వదిలించడం. పెద్ద స్టీలు తొట్టి అడుగున జిడ్డు కరిగించే మందు మరుగుతుంటుంది. తీగబుట్టలో సామాన్లు పెట్టి ఆ ఆవిరిలోకి దించితే, చల్లటి ఇనుము మీద ఆవిరి నీరై, జిడ్డును వెంటబెట్టుకుని కిందికి కారిపోతుంది. తొట్టి మీదికి వంగకూడదు, బుట్టను గబుక్కున లేపకూడదు. బయటికి తీశాక తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డకు మరక అంటితే బుట్ట మళ్లీ లోపలికే. మా సూపర్‌వైజరు మాట కంటే ఆ గుడ్డ మాటే చెల్లేది.

తిరిగొచ్చి కోరుట్లలో రేకుల షెడ్డు వేసుకున్నాను. ఆవిరి తొట్టి ఇక్కడెక్కడిది? జగిత్యాల నుంచి టర్పెంటాయిల్ డబ్బాలు తెచ్చుకుని, రెండు ట్రేలలో పోసి, బ్రష్షుతో కడిగేవాణ్ని. తెల్లగుడ్డను మాత్రం వదల్లేదు. గిరాకీ కళ్లముందే తుడిచి, మరకలేని గుడ్డను దులిపి చూపించేవాణ్ని. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టుందని మా ఆవిడ నవ్వేది. ట్రాక్టర్లవాళ్లు, బోరు మోటారు మెకానిక్‌లు మాత్రం మెచ్చుకునేవారు. ఆ మెప్పు నా తలకెక్కింది, ఒప్పుకుంటాను.

ఒకసారి దసరా ముందు సిరిసిల్ల నుంచి ఒకామె వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. ఇంట్లోనే రెండు మరమగ్గాలు, ఒకటి ఆమె నడిపేది, ఇంకొకటి ఆమె భర్త. ఆయుధపూజకు మగ్గాలు విప్పి, శుభ్రం చేసి, బొట్లు పెట్టడం వాళ్ల ఆనవాయితీ. ఆమె సంచిలో పళ్లచక్రాలు, బోల్టులు, షాఫ్టును పట్టి ఉంచే ఇత్తడి రంగు బుష్షులు ఉన్నాయి.

“మంచిగ కడుగు తమ్మీ. గీ రెండు మగ్గాలు నడిస్తెనే మా ఇల్లు నడుస్తది,” అంది.

“అద్దం లెక్క చేసిస్త అక్కా,” అన్నాను.

అన్నీ ఒక్క తడవకే శుభ్రమయ్యాయి, బుష్షులు తప్ప. ఎన్నిసార్లు కడిగినా గుడ్డ పచ్చబడుతూనే ఉంది. మొండి జిడ్డు అనుకుని పంతం పట్టాను. నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టాను. మూడో రోజుకు గుడ్డ తెల్లగా వచ్చింది. ఆమె వచ్చినప్పుడు ఆ గుడ్డను గొప్పగా చూపించాను. “కొత్తయి లెక్కున్నయి,” అంటూ ఆమె సంబరంగా పోయింది.

పండుగ దాటి మగ్గాలు మొదలుపెట్టిన మూడో రోజే మళ్లీ వచ్చింది, బుష్షులు స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని. భర్త మగ్గం కీచుమని అరిచి షాఫ్టు పట్టేసిందట. ఆ చప్పుడు విని తన మగ్గాన్ని అప్పటికప్పుడు ఆపేసిందట.

“నూనె పొయ్యలేదా అక్కా?” అన్నాను. తప్పును ఆమె మీదికి తోయడానికే ఆ మాట అన్నాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

“పొయ్యకుంటెనా? పొద్దుమాపు పోసిన. పైన పోసింది పైన్నే కారిపాయె. లోపలిది నువ్వు గుంజినవ్.”

డబ్బాలోంచి ఒక కొత్త బుష్షు, నేను కడిగినదొకటి తీసి, ఎండకు కాగుతున్న రేకు మీద పక్కపక్కన పెట్టింది. కాసేపటికి కొత్తదానికి చెమట పట్టినట్టు సన్నగా నూనె ఊరింది. నేను కడిగినది పొడిపొడిగా అలాగే ఉంది.

“గిది నూనె తాగిన బుష్షు. ఒళ్లంత సన్నటి తూట్లుంటయి, అండ్ల నూనె ఉంటది. దీన్ని తుడుస్తరు గాని నానబెడ్తరా? దుబాయ్‌ల నేర్చినోనివి, నీకు ఎర్కే అనుకున్న.”

తొమ్మిదేళ్లలో నా బుట్టలోకి ఇలాంటి బుష్షు ఒక్కటీ ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. నా దాకా రాకముందే ఎవరో వాటిని ఏరి పక్కన పెట్టేవారు. నేను నేర్చుకొచ్చింది సగం పనే.

మర్నాడు వేములవాడ మీదుగా బస్సులో సిరిసిల్ల పోయాను. పూర్తిగా ఆరిన బుష్షులను నూనెలో వేసి, సన్న సెగ మీద వెచ్చజేసి, ఆ నూనెలోనే చల్లారనిచ్చాం. ఆమె మగ్గం నడిచింది. భర్త మగ్గానికి మాత్రం షాఫ్టు మీద లోతుగా గాట్లు పడ్డాయి. లేతు మిషను నడిపే ఆయన వాటిని గోటితో తడిమి తల అడ్డంగా ఊపాడు. అంత పాత మగ్గానికి వేరే షాఫ్టు కోసం జగిత్యాల, కరీంనగర్ అంతా వెతికాను, దొరకలేదు. చివరికి ఆ మగ్గం పాత ఇనుము బండి ఎక్కింది. ఎక్కించేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. ఇప్పుడు ఆమె భర్త వేరేవాళ్ల షెడ్డులో కూలికి మగ్గం నడుపుతున్నాడు.

ఆమె నాలుగు తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. తిట్టలేదు, పని ఇవ్వడమూ మానలేదు. ప్రతి దసరాకూ సంచి వస్తుంది. తెల్లగుడ్డ చూపించడం నేనే మానేశాను. సంచి విప్పగానే అడుగుదాకా చెయ్యి పెట్టి చూస్తాను. పళ్లచక్రాలుంటాయి, బోల్టులుంటాయి. బుష్షులు మాత్రం ఉండవు.