నూకరత్నం చెప్పని ఉదాహరణ

మిడిల్ పాయింట్ బడి నుంచి నన్ను ఈ దీవుల ఉత్తరపు కొసనున్న డిగ్లీపూర్‌కు బదిలీ చేసింది నా ఉద్యోగం చివరి రోజుల్లో, వానలు మొదలయ్యే జూన్‌లో. హోదా టీజీటీ, అంటే హైస్కూలు తరగతులకు తెలుగు చెప్పే మాస్టారు. బస్సు ప్రయాణంలో నడుము పడిపోయింది.

ఆ నెలలోనే ఇన్‌స్పెక్షన్ వచ్చింది. అధికారి వెనక బెంచీలో కూర్చుని పాఠం విని రిపోర్టు రాస్తారు. ఎనిమిదో తరగతికి సహాయక క్రియలు ఎత్తుకున్నాను. అసలు క్రియ పనిని చెబుతుంది, దానికి తోడుగా వచ్చిన క్రియ ఆ పని ఎలా జరిగిందో చెబుతుంది. 'పడిపోయింది'లో 'పోవు' ఎక్కడికీ వెళ్ళదు, పని అయిపోయిందని మాత్రం చెబుతుంది. రోజంతా ఇంట్లో వాడే మాటలే. అయినా ఒక్కరి చూపూ బోర్డు మీద లేదు, అందరూ కిటికీలోంచి సముద్రం వైపే చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది.

అధికారి లేచి, ముందు వరసలోని నూకరత్నాన్ని 'పోవు'తో వాక్యం చెప్పమన్నారు. పిల్ల నిలబడింది గాని నోరు తెరవలేదు. మీది చేపల వేటే కదా, పడవ గురించి చెప్పమన్నారాయన. పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. పక్కనున్న లక్ష్మి మెల్లగా అంది: "ఆళ్ల నాన్న డోంగీ నిన్న రావాల సార్, రాలేదు. మౌసం ఖరాబుగుంది. అలాటి మాట ఇప్పుడు అనకూడదు."

డోంగీ అంటే ఇక్కడి ఇంజను పడవ, మౌసం అంటే వాతావరణం. పడవకు 'పోవు' చేరిస్తే ఏ మాట వస్తుందో అప్పుడు తట్టింది నాకు. తథాస్తు దేవతలుంటారని మా ఇంట్లోనూ అనేవారు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లను జెట్టీకి తీసుకెళ్తానన్నాను. పాఠం సగంలో వదిలితే అలాగే రాస్తానన్నారు అధికారి. రాసుకోండి అన్నాను. పై అధికారితో అంత దురుసుగా అంతకుముందెప్పుడూ మాట్లాడలేదు.

జెట్టీ మీద నూకరత్నం తల్లి వానలో నిలబడి ఉంది. ఎవరినీ ఏమీ అడగడం లేదు. నేనే ఒకచోట నిలవలేక, కనిపించిన ప్రతివాణ్ణీ అడుగుతూ అటూ ఇటూ తిరిగాను. భోజనాల వేళకు వేరే డోంగీ ఒకటి తాడు కట్టి వాళ్ళ డోంగీని లాక్కొచ్చింది. "ఇంజన్ బంద్ అయిపోనాది, అంతే," అన్నాడు తండ్రి దిగుతూ. పిల్ల అతని చెయ్యి వదల్లేదు.

పాఠం అసంపూర్తి అని రిపోర్టు వచ్చింది. సంజాయిషీ రాసిచ్చాను. జెట్టీకి వెళ్ళిన మర్నాడు పాఠం మొదటి నుంచి చెబుతుంటే నూకరత్నం అడగకుండానే లేచి, "నాన్న వచ్చీసినాడు మాస్టారూ," అంది. వచ్చివేసినాడు అని, అందులో ఉన్నది 'వేయు', నేను అడిగింది 'పోవు'. సరే, కూర్చోమన్నాను.

రిటైరయ్యేదాకా ఆ బడిలో ఎవరి డోంగీ ఇంకా రాలేదో కనుక్కుని గాని ఉదాహరణలు అడగలేదు.