పిట్ట పేరు చెప్పి

కాజాలక్కకి అసలు పేరు లేకపోలేదు, ఆ వీధిలో దాన్ని పలికేవాళ్ళు లేరంతే. షర్టులకి చేత్తో కాజాలు తీయడం, బొత్తాలు కుట్టడం, అంచులు మడవడం ఆవిడ పని. షర్టుల షాపు నుంచి బట్టల మూటలు వస్తాయి, మూటలు పోతాయి, ఆవిడ మాత్రం కిటికీ పక్క కుర్చీలోంచి కదలదు. ముగ్గురు పిల్లల్ని కన్నప్పుడూ ఇదే వరస. ఒళ్ళో పసిగుడ్డు, చేతిలో సూది. నీకసలు నిద్ర పట్టదా అని అందరూ నవ్వేవాళ్ళే గానీ, ఇక ఆపు అన్నవాళ్ళు లేరు. ఈ మూట ఒక్కటి అయిపోనీ అనేది ఆవిడ. మూటలు అయిపోతాయా, మన పిచ్చి గానీ! పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి సంసారాలు వాళ్ళు చూసుకుంటున్నారు, మూట మాత్రం ఇంకా అక్కడే ఉంది.

అలాంటి మనిషికి పిట్టలెందుకంటారా? ఆవిడేం కోరి తెచ్చుకోలేదు. పిట్టలమ్మే షాపాయనకి కర్టెన్ల అంచులు కుట్టిపెడితే, ఆయన ముచ్చటపడి ఒక ఫించ్ జంటని పంజరంతో సహా చేతిలో పెట్టాడు. పిడికిట్లో ఇమిడిపోయే పిట్టలు. మగదానికి బుగ్గల మీద నారింజరంగు మచ్చలు, సోకంతా దానిదే. ఆడది ఒట్టి బూడిదరంగు, ముక్కొక్కటే ఎర్రన. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. వంటింట్లో పొగ, గుమ్మం బయట పిల్లి. అందుకని పంజరాన్ని కుర్చీ పక్కనే, ట్యూబులైటు కింద తగిలించింది.

కాపురం బాగా కుదిరింది. ఒక విడత గుడ్లు, పిల్లలు. ఆ పిల్లలకి సరిగ్గా రెక్కలు రాకముందే మళ్ళీ గుడ్లు. కాజాలక్క మురిసిపోయింది. తెగిన దారప్పోగుల్ని ఏరి పంజరంలో వేసేది. మగపిట్ట వాటిని ముక్కున కరుచుకుపోయి గూటిలో పరుస్తుంటే చూడటం ఒక్కటే ఆవిడకున్న సరదా. రోజూ ఉడికించిన కోడిగుడ్డు నలిపి పెట్టేది. మా పిట్ట నాలాగే కష్టజీవి, ఊరికే కూర్చోదు అని పక్కింటావిడ దగ్గర గొప్పలు కూడా పోయింది.

మూడో విడత పిల్లలు గూటిలోంచి బయటికొచ్చిన పొద్దున ఆడపిట్ట కర్ర మీద కనిపించలేదు. పంజరం అడుగున ఒక మూల ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చుంది. పక్కన మళ్ళీ ఒక గుడ్డు, దాని పెంకు మెత్తగా ఉంది. ముక్కు రంగు వెలిసిపోయింది. వీపు మీద ఈకల్లేవు. గూటికి దారం చాలక మొగుడుగారు వాటినీ పీక్కున్నారు. అరచేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక గుచ్చుకుంది గానీ బరువన్నదే తెలియలేదు. ఇది నా చేతుల్లోనే పోతుంది అనుకుంది కాజాలక్క. విప్పబోయిన మూట అక్కడే వదిలేసి, పిట్టని అట్టపెట్టెలో పెట్టుకుని ఉన్నపళంగా పిట్టల షాపుకి పరిగెత్తింది.

పిట్టల షాపాయన ఈకలు ఊది చూశాడు. ఏం పెడుతున్నావు, పంజరం ఎక్కడుంచావు అని అడిగాడు. తర్వాత లైటు సంగతి అడిగాడు.

"ఎందాకా వెలుగుతుంది?"

"నా పని అయ్యేదాకా."

"నీ పని ఎప్పుడవుతుందక్కా?"

కాజాలక్క పెట్టెలోని పిట్ట వంక చూసింది.

"దానికి ఆపడం తెలీదు," అన్నాడాయన. "వెలుగుంటే ఇంకా పొద్దుందనుకుంటుంది. తిండి బాగుంది, గూటికి దారముంది, పెడుతూనే ఉంటుంది. మనమే ఆపించాలి."

జంటని విడదీయమన్నాడు. గూడు తీసెయ్యాలి, దారం ముక్క కనబడకూడదు. వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాలి. గింజలు, నీళ్ళు ముక్కుకి అందేంత దగ్గరలో ఉండాలి. కోడిగుడ్డు పెంకు వేయించి పొడి చేసి వేయాలి. కోలుకునేదాకా గుడ్డుముక్క కాస్తే పెట్టి, తర్వాత మానెయ్యాలి. పొద్దుగూకగానే లైటు ఆర్పెయ్యాలి. మరి పిల్లల సంగతో అంది కాజాలక్క. వాళ్ళ నాన్న మేపుతాడులే, మేపక చస్తాడా అన్నాడు.

అన్నీ చెప్పినట్టే చేసింది, ఒక్క లైటు తప్ప. మూట అలాగే ఉందాయె! ఆ సాయంత్రం పెట్టె మీద మందపాటి గుడ్డ కప్పి, లైటు వేసుకుని కాజాలకి కూర్చుంది. కాసేపటికి లోపల గరగరమని చప్పుడు. గుడ్డ తీసి చూస్తే, మెడ నిలపలేని ఆ పిట్ట, సీసాకి చుట్టిన గుడ్డ పీలికల్ని ముక్కుతో లాగి ఒంటి కింద సర్దుకుంటోంది. ఆ స్థితిలో కూడా మళ్ళీ గూడు కడుతోంది!

"చాల్లే, ఇంక ఆపవే తల్లీ," అంది కాజాలక్క.

అన్నది పిట్టనే. కానీ ఆ మాట తనతో ఇంతవరకూ ఎవరూ అనలేదని అప్పుడు తట్టిందావిడకి. కళ్ళు మండాయి, మెడ లాగేసింది, వేళ్ళ కొసలు సలిపాయి. కాసేపు ఏడ్చింది. లేచి లైటు ఆర్పేసింది.

ఆవిడ మొగుడు షాపుల షట్టర్లు బాగుచేస్తాడు. ఆయన ఇంటికొచ్చేసరికి ఇల్లంతా చీకటి. ఆ కిటికీ చీకటిగా ఉండటం ఆయనెన్నడూ చూసినవాడు కాదు. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరికేమైంది?"

"పిట్టకి," అందావిడ.

విషయమంతా విని, వెలుగు పిట్ట మీద పడకుండా వంటింటి తలుపు దగ్గరకి వేసుకుని ఏదో తిన్నాడు. ఆవిడ కుర్చీలో కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అవి వాటంతటవే సూది కోసం వెతికాయి. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మెడ పక్కకి వాలిపోయి నిద్రపోతోంది. తనకంటే ముందు భార్య నిద్రపోగా చూడటం ఆయనకి కొత్త. లేపాలో వద్దో తోచక, దిండొకటి తెచ్చి మెడ కింద పెట్టాడు.

షర్టుల షాపు యజమాని పిట్ట కోసం పని మానుకుంటావా అని పగలబడి నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు. ఎన్నడూ కాదనని కాజాలక్క, పగటి వెలుగులో ఎంతయితే అంతే అని చెప్పేసింది. ఆయన సగం మూటలు ఇంకెవరికో పంపుకున్నాడు.

పిట్టకి ఒక్కసారిగా ఏం నయం కాలేదు. ఒకరోజు నాలుగు గింజలు తింటే మర్నాడు ముట్టేది కాదు, కాజాలక్క తల ప్రాణం తోకకొచ్చేది. మెల్లగా ముక్కు ఎరుపెక్కింది. బోడి వీపు మీద సూదిమొనల్లా ఈకలు పొడిచాయి. పెట్టెలోంచి చిన్న పంజరంలోకి, అడుగు నుంచి కింది కర్ర మీదకి వచ్చింది. పెద్ద పంజరంలో మగపిట్టని పిల్లలు నోళ్ళు తెరుచుకుని తరుముతున్నాయి, దాని సోకంతా దిగిపోయింది. ఇప్పటికి తెలిసొచ్చింది అయ్యగారికి అని పక్కింటావిడ చూసి చూసి నవ్వింది.

ఒక సాయంత్రం, పొద్దుగూకే వేళకి, ఆడపిట్ట పైకర్ర మీదకి ఎగిరింది. రెక్కలు రెండూ విదిలించి కీచుకీచుమంది. వంటింట్లోంచి వస్తున్న మొగుడు ఆగి చూశాడు. ఆయన చెయ్యి అలవాటుగా స్విచ్చి మీదకి పోయింది.

"కోలుకున్నట్టుందిగా. లైటు వెయ్యనా, మూట విప్పుకుంటావు?"

కాజాలక్క పిట్ట వంక చూసింది. అది కింది కర్రకి దూకి, మళ్ళీ పైకర్రకి ఎగిరింది. అక్కడ ముక్కు రుద్దుకుంది.

"లేదు. ఇంకా నీరసంగానే ఉంది," అంది.

ఆయన పిట్టని చూశాడు. అది ఎగురుతూనే ఉంది. తర్వాత, ఒళ్ళో ఖాళీ చేతులు పెట్టుకుని కూర్చున్న భార్యని చూశాడు. అలా చాలాసేపు చూసి, స్విచ్చి మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"అవును," అన్నాడు. "ఇంకా చాలా నీరసంగా ఉంది."

వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాడు.