ఎండపెట్టెలో అన్నం

శ్రీకాకుళంలో మా డాబా మీద ఈమధ్యే సోలార్ ప్యానెళ్లు బిగించారు. ఆ అద్దాల తళుకు కంట్లో పడగానే కళింగపట్నంలో మా మామ్మ గుర్తొచ్చింది.

కట్టెల పొయ్యి పొగకి మామ్మ ఎప్పుడూ దగ్గుతుండేది. ఎవరో వచ్చి, ఎండతోనే వండుకోమని అద్దం మూత ఉన్న నల్ల పెట్టె ఒకటి ఇచ్చారు. చేపల బుట్టతో ఊళ్లు తిరిగే అమ్మ వచ్చేసరికి అన్నం అవ్వాలని, మామ్మ పొద్దున్నే బియ్యం అందులో పెట్టి, నన్ను కాపలా ఉంచి, చేపలు ఎండబెట్టడానికి వెళ్లేది.

మధ్యాహ్నానికి బియ్యం నానేవే తప్ప ఉడికేవి కావు. మూడు రోజులు అదే వరస.

"ఏటే ఇది! సేపలెండిపోతన్నాయి, నా మాడు కాలిపోతన్నాది. దీనికొక్కదానికే ఎండ సాల్లేదా?" అని మామ్మ పెట్టెను తిట్టిపోసింది.

ఆకలితో వచ్చిన అమ్మ విసుక్కుంది. "ఎవులిచ్చారో ఆళ్లకే ఇచ్చీ అత్తా!"

పెట్టె వెళ్లిపోయింది. మామ్మ మళ్లీ పొగలో కూర్చుంది.

మూత వేసి ఉంటే లోపలికి ఎండ ఎలా వెళ్తుందని ఆరేళ్ల నా అనుమానం. అందుకే మామ్మ అటు వెళ్లగానే మూత ఎత్తి, చేతులు నొప్పెట్టేదాకా పట్టుకునేదాన్ని. సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

అద్దం మూత మూసి ఉంటేనే ఎండ వేడి లోపల నిలుస్తుందని ఏడో తరగతిలో సైన్సు టీచరు చెప్పాక గానీ నేనేం చేశానో తెలియలేదు. ఇంటికి పరుగెత్తుకెళ్లి మామ్మకి చెప్పేశాను.

"అయ్యో, ఆ పెట్టిని అన్నన్ని తిట్లు తిట్టీసేనే" అంటూ మామ్మ దగ్గుకుంటూనే పొయ్యి ఊదింది.