నా భార్య కాలి ముల్లు

ఏటా మిరుగు కార్తెలో తొలకరి చినుకులు పడగానే నాకు జలుబు, దగ్గు, వెనకే జ్వరం. వనపర్తి బజారులో బట్టల కొట్టు నాది. పొద్దుందాకా గద్దె దిగేవాణ్ణి కాదు. పైగా అనుమానపు మనిషిని. గజం బద్దను కూడా రోజూ జానలతో కొలిచి చూసుకునేవాణ్ణి. ఒక ఏడు ఆ జ్వరం నన్ను నెల రోజులు మంచంలో పడేసింది. ఇక బతకనని అత్తగారింటికి కబురు కూడా పంపారు.

లేచాక నా భార్య యునానీ హకీము దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన నాడి పట్టి చూశాడు గాని మందు ఇవ్వలేదు.

"ఒంట్ల రోగంతోని కొట్లాడే తాకత్ ఉంటది సేఠ్. ఊకె కూసుంటే అది పండుకుంటది. మస్తు ఉరికినా అలిసిపోతది. రోజు పొద్దుగాల జర నడువు, చాలు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మందివ్వని వాడేం హకీము? పనీపాటా లేకుండా ఊరవతలికి నడిస్తే సేఠుకు పిచ్చి లేచిందనరూ? చచ్చినా నడవనన్నాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మరుసటి ఎండాకాలం ఆమె ఒక మొక్కు మొదలుపెట్టింది. ఊరవతల గట్టు మీది హనుమంతుడికి మండలం రోజులు, పొద్దు పొడవగానే ఒంటరిగా పోయి దీపం పెట్టి రావాలట. ఏం మొక్కని అడిగితే చెప్పదు. మా అమ్మకూ చెప్పలేదు. మొక్కైతే ఈ దాపరికమెందుకు?

మూడోనాడు వెంట పోయాను, రేగు పొదల చాటున. ఆమె మెల్లగా నడిచింది. గట్టు ఎక్కుతూ సగంలో ఆగి, బండమీద కూర్చుని, కాలి ముల్లు తీసుకుంది. మరునాడూ అక్కడే ముల్లు. ఆ మరునాడూ అక్కడే. చూశారా! ఎవడి కోసమో కాచుకుంటోందని నా గుండె భగ్గుమంది. వాడు దొరికేదాకా వదలనని ఒక్కరోజు తప్పకుండా వెళ్ళాను. ఎవడూ రాలేదు. మండలం నిండినా ఆమె మానలేదు, నేనూ మానలేదు.

మిరుగు వచ్చింది. బజారంతా దగ్గుతోంది. నాకు తుమ్మైనా రాలేదు. దాన్ని పట్టించుకునే తీరిక నాకెక్కడిది, నా ధ్యాసంతా ఆ ముల్లు మీదే. ఒకనాడు ఆగలేక పొదల్లోంచి వచ్చి ఎదుట నిలబడ్డాను.

"ఎవని కోసం ఆగుతున్నవే రోజు ఈడ?"

ఆమె తడబడలేదు. "మొదట్ల ఈడికి వచ్చేసరికి మీకు ఎగపోస్తుండె. జర దమ్ము తీస్కుంటరని ఆగుతుంటి. ఊకె నడువుమంటే నడుస్తుంటిరా మీరు?"

సిగ్గుతో నా తల వాలిపోయింది. ఆమె లేచి చీర దులుపుకుంది.

"ఇయ్యాల్టి సంది నా పక్కకే నడువుండ్రి. ఆ పొదల్ల ముండ్లున్నయి" అంది.