రీలు మారేలోపు చదివిన రెండు పేజీలు

మా మేనత్త పోయిన సంగతి మనూరు నుంచి వచ్చిన ఎడ్లబండతను చెప్పాడు. "పంతులమ్మ పొద్దుగాల పోయిందక్కా. రెండు దినాల సంది జరం," అని తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. అతని భార్యకు అక్షరాలు నేర్పింది మా అత్తే.

మిషన్ బడిలో పిల్లలకు పాఠాలు చెప్పడం అత్త ఉద్యోగం. సాయంత్రాలు కూలి నుంచి వచ్చిన ఆడవాళ్లను కూర్చోబెట్టి చదివించడం ఆమె ఇష్టం. ఎవరైనా తడబడితే, "సిగ్గెందుకు? మల్ల సదువు. అచ్చరం యాడికి పోదు," అనేది. పేజీ తిప్పగానే అరచేత్తో ఒకసారి సాపు చేసేది.

బైబిలుతో పాటు వాళ్లకు ఒక మాయల నవల కూడా చదివి వినిపించింది. రాయైపోయిన తమ్ముడి కోసం ఒక గొల్లపిల్ల ఏడు ఏర్లు దాటిపోయి, మాంత్రికుడితో మూడు రోజులు వాదించి గెలిచే కథ అది.

నాలుగేళ్ల కింద ఆ నవలే సినిమాగా మా నారాయణఖేడ్‌కు వచ్చింది. ఊరి బయట డేరా వేశారు. అత్త తన ఆడవాళ్లను రెండు బండ్లలో ఎక్కించుకుని మొదటి ఆటకు వచ్చింది. నేనూ వాళ్ల పక్కనే చాప మీద కూర్చున్నాను. గుర్రం మబ్బుల్లోకి ఎగిరినప్పుడు అత్త నా చేయి పట్టుకుని, "నేను సదివితే గింత మంచిగ అగుపడలే," అంది.

మాంత్రికుడి గుహ దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోయింది. గొల్లపిల్లను స్తంభానికి కట్టేశారు. ఎక్కడి నుంచో ఒక రాజకుమారుడు దూకి మాంత్రికుణ్ణి కత్తితో పొడిచాడు. పిల్ల ఏడుస్తూ చూసింది, అంతే.

డేరాలో ఉన్నది ఒకటే యంత్రం. రీలు మార్చేటప్పుడల్లా దీపాలు వెలిగేవి. ఆ వెలుగులో బండతని భార్య, "పంతులమ్మా, గీ రాజు యాడికెళ్లి వచ్చిండు? మన బుక్కుల లేడు గద," అంది.

"లేడు." అత్త సంచిలోంచి పుస్తకం తీసి ఆ చోటు వెతికి ఆమె చేతికే ఇచ్చింది. "లేసి సదువు. అందరికి ఇనబడాలె."

ఆమె లేచింది. మగవాళ్ల వైపు నుంచి నవ్వులు వినిపించాయి. యంత్రం దగ్గరి మనిషి, "కూసో అమ్మా, రీలు ఎక్కుతుంది," అన్నాడు.

"రీలు మీది. కథ అందరిది. రెండు పేజీలు ఆగుండ్రి," అంది అత్త.

బండతని భార్య చదువుతూ ఒకచోట ఆగిపోయింది. అత్త మాట అందివ్వలేదు. "మల్ల," అంది, అంతే. ఆమె మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చదివింది. గొల్లపిల్ల మాటకు మాంత్రికుడు తల వంచే చోటుకు వచ్చేసరికి నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. ముందు వరసలో ఒక ముసలాయన, "గిదే మంచిగుంది," అన్నాడు. యంత్రం మనిషి అప్పటిదాకా చేయి కదపలేదు.

బయటికి వచ్చాక అడిగాను, "ఏది మంచిగుందత్తా?"

"గుర్రం సినిమాదే మంచిగుంది. పిల్ల మాత్రం బుక్కుల పిల్లనే."

"కత్తి యుద్ధమైతే జనం సూస్తరు. మూడు దినాల ముచ్చట ఎవరింటరు?" అన్నాను.

"ఇప్పుడు ఇన్నరు గద," అంది.

నేర్చుకున్నవాళ్లు నలుగురిలో నిలబడి చదివేలా చేసిన మనిషి నాకు మేనత్త అని చెప్పుకోవడం ఈరోజు కూడా నాకు గర్వమే.

ఆ రాత్రి తిరుగు బండ్లు కదిలినప్పుడు ఆడవాళ్లు బండి కింద వేలాడే లాంతరును పైకి లాక్కున్నారు. తర్వాత ఎవరు చదవాలన్న పోట్లాటలో ఒకరి మీద ఒకరు వంగి, చోటంతా వాళ్లే ఆక్రమించారు. అత్త చెప్పులు చేత పట్టుకుని, ఆ వెలుగు వెనకాలే నడుచుకుంటూ మనూరు దారిన పోయింది.