అమ్మ కలిపిన రంగులు

ముత్తుకూరు రోడ్డు పక్కన మా ఇల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డు. తాత కాలం నుంచీ ఆ షెడ్డులో మేం గాజు సీసాల మీద పేర్లు అచ్చువేసి బతికాం. సోడా షాపుల పేర్లు, నన్నారి షర్బత్తు, ఆయుర్వేదం మందులు, పెళ్లిళ్లలో పంచే గాజు గ్లాసులు. ఈ పని గురించి చెప్తే, "స్టిక్కర్లు అంటిస్తారా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. స్టిక్కరు కాదు. రంగు పొడిని నూనెలో కలపాలి. పట్టుగుడ్డ బిగించిన చట్రంలోంచి ఆ రంగును సీసా మీదికి దించాలి. తర్వాత బట్టీలో పెట్టి కాలిస్తే రంగు కరిగి గాజులో కలిసిపోతుంది. ఇక ఇసుకేసి రుద్దినా పోదు.

తాత ఈ పని మద్రాసులో నేర్చుకున్నాడట. అక్కడ ఒక సీసాల కంపెనీలో కొన్నాళ్లు చేసి, తిరిగొచ్చి ఇక్కడ ఇటుకలతో సొంతంగా బట్టీ కట్టుకున్నాడు. మొదటిసారి సరుగుడు కట్టెల మంట అందాజు తెలీక సీసాలన్నీ ఎండిన బెండకాయల్లా వంగిపోయాయని నవ్వుతూ చెప్పేవాడు. నాకు ఊహ తెలిసేసరికి తాత మంచం పట్టాడు, షెడ్డు నాయన చేతికొచ్చింది.

నాయనకు కొన్ని పట్టింపులుండేవి. ఆదివారం బట్టీ వెలగదు, అందరం చర్చికి పోవాల్సిందే. సారా, బ్రాందీ సీసాల పని ఏదొచ్చినా గేటు దగ్గరే వెనక్కి పంపేస్తాడు. ఒకరి పేరు ఇంకొకరి సీసా మీద వెయ్యడు. ఒకసారి వాకాడు వైపు నుంచి ఒకాయన వచ్చినాడు. బాగా అమ్ముడుపోతున్న ఇంకొకరి సోడా పేరునే ఒక్క అక్షరం మార్చి వెయ్యమన్నాడు.

"అక్షరం మారుస్తుండాం గదన్నా, తప్పేముంది?" అన్నాడు ఆయన.

"తాగేవాడు అక్షరాలు చూస్తాడా? రంగు చూసి తీసుకుంటాడు. వాడు మోసపోయేది నా రంగు చూసే గదా. నా వల్ల కాదు" అని నాయన ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపించేసినాడు.

ఇలాంటివి మేం గొప్పగా చెప్పుకునేవాళ్లం. బడిలో నా స్నేహితులతో కూడా చెప్పేదాన్ని. మా ఇంట్లో పొలం లేదు, పెద్ద చదువుల్లేవు. ఫలానా షెడ్డులో వేసిన రంగు పోదు, ఫలానా మనిషి మాట తప్పడు అన్న పేరొక్కటే మా ఆస్తి.

అచ్చువేసేది నాయన. బట్టీ చూసుకునేది అన్న. అక్షరాలు కాగితం మీద రాసి కత్తిరించేది నేను. రంగులు కలిపేది అమ్మ. మందపాటి గాజు పలక మీద పొడి పోసి, నడుమ గుంట చేసి, నూనె వంచి, వెడల్పు కత్తితో నూరుతూ ఉండేది. ఎరుపూ పసుపూ కుదరడం కష్టం. పలచనైతే అక్షరం కారుతుంది, చిక్కనైతే గుడ్డలోంచి దిగదు. అమ్మ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రంగు రాసి, వేళ్లు విడదీసి, తీగ చూసేది. పాకం చూసినట్టే. కుదిరితే ఆ వేళ్లు కొంగుకు తుడుచుకుని తమలపాకు నోట్లో పెట్టుకునేది. పొడి జల్లించినప్పుడు ఆమె కనురెప్పల మీద కూడా పసుపు పడేది. "మహాలక్ష్మిలా ఉండావు" అని వీధిలో ఆడవాళ్లు ఆట పట్టిస్తే నవ్వేది. చేతులకు తొడుగులు వేసుకోవాలని మాకెవరూ చెప్పలేదు. డబ్బాల మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి. చాలా చిన్నవి. వాటిని చదవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ప్లాస్టిక్ సీసాలు వచ్చాక సోడా షాపులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. పొడి జల్లించడానికీ, చట్రాలు కడగడానికీ మా దగ్గర కూలికి ఉన్నవాళ్లు పోర్టు పనికీ, పవర్ ప్లాంటు పనికీ వెళ్లిపోయారు. అన్న ఒకరోజు అన్నం తింటూ నాయనతో చెప్పినాడు.

"ఇప్పుడు కాల్చకుండా వేసే రంగులొచ్చినాయంట నాయనా. బట్టీ అక్కర్లేదు, ఎండబెడితే చాలు. ప్లాస్టిక్ మీద కూడా వెయ్యొచ్చు. రొయ్యల మందుల వాళ్లు అడుగుతుండారు."

"నాలుగుసార్లు కడిగితే పోతాదా, పోదా?"

"పోతాది. పోతే వాళ్లకేం? ఒకసారి వాడి పారేసేదే గదా."

"అట్టాంటి పని మనకొద్దులేరా. ఉన్నన్నాళ్లు ఇదే చేద్దాం" అన్నాడు నాయన. అన్న మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అలా పని తగ్గింది గానీ అమ్మకు మాత్రం పెరిగింది. పొడి జల్లించడం, నూరడం, చట్రాలు కడగడం, అన్నీ ఆమే. కడిగిన నీళ్లు పెరట్లో మునగచెట్టు మొదట్లో పోసేది. ఆ మునగాకు మేం వారానికోసారి వండుకునేవాళ్లం.

నాకు తోటపల్లి గూడూరుకు ఇచ్చి పెళ్లి చేశారు. దగ్గరే కాబట్టి వస్తూ పోతూ ఉండేదాన్ని. వచ్చినప్పుడల్లా అమ్మ ఇంకొంచెం పాలిపోయి కనిపించేది. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుందనేది. ఊళ్లో డాక్టరు గ్యాసు అని మాత్రలిచ్చినాడు. రక్తం తక్కువగా ఉందని ఇంకొకాయన టానిక్కులు రాసినాడు. ఖర్జూరాలు తినమన్నారు, మునగాకు తినమన్నారు. తినింది.

ఒక ఆదివారం చర్చిలో పాటకు అందరం లేచాం. అమ్మ పాటల పుస్తకం ఎత్తబోయింది. పుస్తకం జారి కింద పడింది. నేను తీసిచ్చాను. మళ్లీ జారింది. అప్పుడు చూశాను. ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగిన కొమ్మలా కిందికి వేలాడుతోంది. లేపుదామని ఆమె ప్రయత్నిస్తోంది, వేళ్లు కదలడం లేదు. అమ్మ నా వైపు చూసి, పాడమన్నట్టు తల ఊపింది. పాట అయ్యేదాకా ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని నిలబడింది.

పక్షవాతమన్నారు. ఆకుపసరు తాగించారు. పాస్టర్ గారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. కొన్నాళ్లకు ఎడమచేతిలో కూడా బలం తగ్గడం మొదలయ్యాక నెల్లూరులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అమ్మ చిగుళ్లు చూశాడు. పంటి మొదట్లో నీలంగా సన్నటి గీత ఉంది. తమలపాకు మరక అనుకున్నాం మేం.

"ఇంట్లో ఏం పని చేస్తారు?" అని అడిగాడు.

నాయనకు ఆ ప్రశ్న సంతోషం కలిగించింది. సీసాల గురించి, తాత గురించి, రంగు ఎలా కలుపుతామో అంతా చెప్పినాడు. డాక్టరు చివరిదాకా విని, ఆ పొడి కొంచెం తెచ్చివ్వమన్నాడు. అమ్మ రక్తం చెన్నైకి పంపించాడు.

రిపోర్టు వచ్చాక అందరం వెళ్లాం. "ఈమె రక్తంలో సీసం ఉందండీ, చాలా ఎక్కువగా" అన్నాడు డాక్టరు.

నాయనకు అర్థం కాలేదు. "సీసానా సార్? సీసా పెంకు లోపలికి పోయిందా?" అని అడిగినాడు. ఏళ్ల తరబడి పగిలిన సీసాల మధ్య తిరిగిన మనిషి, గాజు ముక్క ఏదో ఒంట్లోకి దిగబడిందనుకున్నాడు. తీసేయొచ్చేమో అన్న ఆశ ఆయన గొంతులో వినపడింది.

"సీసా కాదు, సీసం. లోహం. మీ రంగుపొడిలో ఉంటుంది. అది తక్కువ వేడికే కరిగి గాజుకు అతుక్కునేది సీసం వల్లే. ఏళ్ల తరబడి చేతుల్లోంచి నోట్లోకి, దుమ్ములోంచి ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఎముకల్లో చేరింది. మందులిస్తాం. కానీ చెయ్యి పూర్తిగా వస్తుందని చెప్పలేను."

డాక్టరు అడిగాడు, ఇంట్లో ఇంకెవరెవరు ఉంటారని. అన్న చెప్పినాడు. అన్నకు ఒక కొడుకు. నాలుగేళ్లు నిండాయి, మాటలు రాలేదు. వాళ్ల నాయనకు కూడా ఆలస్యంగానే వచ్చాయిలే అని మేం పట్టించుకోలేదు. ఆ పసివాడు పాకడం నేర్చింది షెడ్డులోనే. అమ్మ ఒళ్లోనే, ఆ కొంగులోనే పెరిగాడు.

అందరికీ పరీక్షలు చేయించారు. నాకు కొంచెం, నాయనకూ అన్నకూ అంతకంటే ఎక్కువ. పిల్లవాడి రిపోర్టు చూసి డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"వీడికి మాటలు రాకపోవడం దానివల్లేనా సార్?" అని నాయన అడిగినాడు.

"దానివల్లేనని చెప్పలేనండీ. కొందరు పిల్లలకు ఊరికే కూడా రావు. కాదనీ చెప్పలేను."

ఆ రెండు 'చెప్పలేను'ల మధ్యే మా నాయన ఉండిపోయాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

ఇంటికొచ్చిన మర్నాడు బట్టీ నోటికి ఇటుకలు పేర్చి మట్టి మెత్తేసినాడు. మునగచెట్టు కొట్టేసినాడు. మిగిలిన రంగు డబ్బాలు ఎక్కడ పారెయ్యాలో తెలీలేదు. కాలవలో పోస్తే రొయ్యల గుంటల్లోకి పోతుంది, పాతిపెడితే బావిలోకి దిగుతుంది. చివరికి అన్నీ షెడ్డులోనే పెట్టి తాళం వేసినాడు.

కొన్నాళ్లకు ఎవరో చెప్పగా విని ఒకతను కారులో వచ్చాడు. బట్టీ సామాను, రంగు డబ్బాలు అన్నీ తీసుకుంటానన్నాడు. నాయన అతన్ని కూర్చోబెట్టి అమ్మను పిలిచినాడు. "ఈ చెయ్యి చూడండి" అని ఆమె చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. పొడిలో ఏముందో చెప్పినాడు.

"మాకు తెలుసులెండి. మేం చూసుకుంటాం" అన్నాడు అతను.

"మీరు చూసుకుంటారు. కలిపేది ఎవరు?"

"ఉంటారుగా ఆడవాళ్లు, కూలికి."

నాయన లేచి గేటు తీసి నిలబడినాడు. అతను వెళ్లిపోయాడు. ఒకప్పుడైతే ఈ సంగతి కూడా మేం గొప్పగా చెప్పుకునేవాళ్లం. కానీ అతను ఆ పొడి ఇంకోచోట కొనుక్కుంటాడని అందరికీ తెలుసు.

అమ్మ మాత్రం నాయనను ఒక్క మాట అనలేదు. పైగా ఆయన మీద ఎవరైనా మాట తూలితే ఊరుకోదు. "ఆయన కలపమన్నాడా? నేనే కలిపినా. నాకు ఇష్టమై కలిపినా" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాయన ముఖం ఇంకా వాడిపోతుంది. తిట్టి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. తిట్టించుకునైనా తేలికపడే దారి ఆయనకొకటి ఉండేది.

మందులు వాడాం. కడుపునొప్పి తగ్గింది. ఎడమచెయ్యి కొంత కుదురుకుంది. కుడిచెయ్యి రాలేదు. అన్నం నాయనే కలిపి పెడతాడు. ముద్ద ముద్దకూ నీళ్లతో చెయ్యి కడుక్కుంటాడు. "ఎందుకయ్యా, కడిగిందే కడుగుతావు" అని అమ్మ విసుక్కుంటుంది. అన్న పోర్టులో లోడింగు దగ్గర లెక్క రాసే పనికి పోతున్నాడు. వదిన పిల్లవాణ్ణి వారానికి రెండుసార్లు నెల్లూరుకు మాటలు నేర్పే వాళ్ల దగ్గరికి తీసుకెళ్తుంది. వాడి రక్తంలో సీసం తగ్గుతోందని రిపోర్టులు చెబుతున్నాయి. మాటలు మాత్రం రాలేదు. కావాల్సింది వేలు పెట్టి చూపిస్తాడు. కోపమొస్తే నేలకేసి తల కొట్టుకుంటాడు. అప్పుడు వాణ్ణి పట్టుకోగలిగేది నాయనొక్కడే. గుండెకు అదుముకుని, వాడు అలసిపోయేదాకా అలాగే కూర్చుంటాడు.

నాయన చర్చికి పోవడం మానేశాడు. దేవుడి మీద కోపమా అని పాస్టర్ గారు అడిగితే, "ఆయన మీద నాకేం కోపమయ్యా, ఆయనకే నన్ను చూడబుద్ధి కాదు" అన్నాడట.

మొన్న నేను వెళ్లినప్పుడు సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నాం. పిల్లవాడు వదిన ఒళ్లో ఉన్నాడు. అమ్మ కళ్లు మూసుకోబోయి, చుట్టూ చూసి, "మీ నాయనను పిలువు" అంది. నేను వెళ్లాను. అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పోర్టుకు పోయే బొగ్గు లారీలు వరసగా పోతున్నాయి.

"నాయనా, ప్రార్థనకు రా. అమ్మ పిలుస్తోంది."

ఆయన నా వైపు తిరగలేదు. "మీరు కానీండమ్మా" అన్నాడు.

రాడని తెలిశాక లోపలికొచ్చి, వస్తున్నాడులే అని అమ్మతో అబద్ధం చెప్పాను. అమ్మ నమ్మలేదు. అయినా కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.